మూలరాయి దగ్గర ఎర్రగుడ్డ

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. కాజాలమ్మ కీడెంచేసరికే అలిసిపోయేది. మేలెంచడానికి ఓపిక మిగిలేది కాదు.

ఆమె మొగుడు టైలరు. ఇంటి ముందుగదే దుకాణం. ఆయన కత్తిరించి కుట్టిన ప్రతి చొక్కాకీ కాజాలు తియ్యడం, గుండీలు కుట్టడం ఆమె పని. అందుకే వీధిలో అందరికీ ఆమె కాజాలమ్మ. సూది చేతిలో ఉన్నా చెవి మాత్రం ఎప్పుడూ వీధిలోనే ఉండేది. ఎక్కడ బ్రేకు కీచుమన్నా సూది ఆగిపోయేది.

"ఏమండీ, మనవాళ్ళేనేమో!"

"మనవాళ్ళం ఇద్దరమూ ఇక్కడే ఉన్నాం కదే."

"మరి చిన్నది?" చిన్నదంటే వాళ్ళ కూతురు.

"చిన్నది కొరియరాఫీసులో ఉంది."

"ఆఫీసుకి మంటలంటుకుంటే?"

టైలరు దారం పళ్ళతో కొరికి, "అంటుకుంటే ముందు నీకే ఫోన్ చేస్తారులే, నిప్పుకంటే నువ్వే తొందరగా అల్లుకుంటావని" అనేవాడు. కాజాలమ్మ ఆ మాటకి కోపం తెచ్చుకోవడానికి కూడా భయపడేది. కోపంతో కుడితే సూది వేలిలో దిగుతుంది, దిగితే పుండవుతుంది, పుండైతే ఇంకేమన్నా ఉందా!

ఇంతటి భయస్తురాలికి ప్రపంచంలో అన్నిటికంటే ఇష్టమైన ఊరు, అన్నిటికంటే భయంకరమైన దారికి అటు చివర ఉంది. ఉత్తరాన, కొండ దాటాక, ఇక ముందుకి పోవడానికి రోడ్డే లేనిచోట.

ఆ ఊరి బడిపిల్లలకి చలికోట్లు కుట్టే పని ఒకప్పుడు టైలరుకి దొరికింది. ఎండాకాలం పోతూ ఉండగా కోట్లన్నీ మూటలు కట్టి, కారు వెనకసీటులో సగం అవీ సగం కాజాలమ్మా, మధ్యలో నలిగిపోతూ చిన్నపిల్లగా ఉన్న చిన్నదీ, రెండురోజులు ప్రయాణం చేసి వెళ్ళేవారు. తరవాత తరవాత బడివాళ్ళు రెడీమేడ్ కోట్లు తెప్పించుకోవడం మొదలుపెట్టారు. పని పోయింది కానీ ప్రయాణం పోలేదు. "కోట్లు లేకపోతే ఏం, చుట్టాల్లా వెళదాం" అంది కాజాలమ్మ. ఆ మాట ఆమె నోటినుంచి వచ్చిందంటే టైలరుకే నమ్మబుద్ధి కాలేదు. పక్కవీధి పెళ్ళికి వెళ్ళాలంటే కూడా కూలిపోయే పందిళ్ళు కళ్ళముందు కనపడే మనిషి మరి.

కారణం ఒక కిటికీ. ఆ ఊళ్ళో లాడ్జి ఒకటే. మేడమీద మూలగదిలో మంచం పక్కనే పెద్ద కిటికీ. ఊరికి ఉన్నవి మూడే వీధులు. మూడూ ఆ కిటికీలోంచి కనపడతాయి. మొగుడు రొట్టెల కొట్టు ముందు కూర్చుని కబుర్లాడుతున్నా కనపడతాడు, కూతురు వాగు దగ్గర రాళ్ళు ఏరుకుంటున్నా కనపడుతుంది. ఊరి బయట లోయకి అవతల కొండదారి ఆఖరి మలుపు కూడా కనపడుతుంది. తనవాళ్ళందరూ ఒక్క చూపులో ఇమిడిపోయే చోటు కాజాలమ్మకి భూమ్మీద అదొక్కటే. ఆ గదిలో ఆమె గురకపెట్టి నిద్రపోయేది. టైలరు ఆ గురక వినడానికే ఏటా కారు నడిపేవాడు. ఎవరైనా అడిగితే, చల్లగాలి కోసం అని చెప్పేవాడు.

ఆ ఊళ్ళో ఆమె పేరు కాజాలమ్మ కాదు, ఎర్రగుడ్డమ్మ. దానికో కథ ఉంది. కొండదారిలో మూలరాయి అని ఒకచోట ఉంది. పెద్దరాయి రోడ్డుమీదకి పొడుచుకొచ్చి, అవతల ఏముందో ఇవతలకి కనపడదు. దారి ఒక్క బండికే సరిపోతుంది. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. మొదటిసారి వెళ్ళినప్పుడు కాజాలమ్మ అక్కడ కారాపించి దిగిపోయింది. "చస్తే నడుస్తూ చస్తాను గానీ కూర్చుని చావను" అని, రాయి దాటి ముందుకు నడిచింది. ఎదురుగా లారీ! చేతికి అందింది కోటు లోపల వేసే ఎర్ర లైనింగు ముక్క, చెవులకి చలిగాలి తగలకుండా కట్టుకున్నది. దాన్నే పైకెత్తి ఊపింది. లారీ ఆగింది. అప్పటినుంచి ప్రతిసారీ ఆమె దిగి ముందు నడవడం, దారి ఖాళీగా ఉంటే గుడ్డ దించడం, దించాకే టైలరు కారు కదపడం. అది చూసి ఆ ఊరివాళ్ళు కూడా నేర్చుకున్నారు. ఇప్పుడు ప్రతి బండిలోనూ ఒక ఎర్రగుడ్డ ఉంటుంది. గుడ్డ పైన ఉంటే ఎంతటివాడైనా ఆగాల్సిందే. పైకెక్కే బండికి ముందు దారివ్వాల్సిందే. ఏ ఆఫీసూ పెట్టిన రూలు కాదది. ఒక ఆడమనిషి భయంలోంచి పుట్టిన రూలు.

ఈ ఏడు టైలరు ఎడమకన్నుకి మసక వచ్చింది. కళ్ళ డాక్టరు లైటు వేసి చూసి, "కుట్టుకోండి, పర్వాలేదు. బండి మాత్రం నడపొద్దు. దూరం ఎంతో మీకు అందదు" అన్నాడు. ఆ సాయంత్రం టైలరు మిషను మీద చేతులు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

"ఇక ఉత్తరం ఊరు లేనట్టే" అన్నాడు.

అప్పుడు చిన్నది గడపలో చెప్పులు విప్పుతూ, "నేను నడుపుతాను" అంది.

"నువ్వా! సైకిలు మీదనుంచి పడ్డదానివి!"

"అప్పుడు నాకు ఎనిమిదేళ్ళమ్మా. ఇప్పుడు ఆఫీసు వ్యాను నడుపుతున్నాను. ఏడాదైంది."

కాజాలమ్మ మొగుడివైపు చూసింది. ఆయన సీలింగుకేసి చూశాడు. ఆ చూపుతోనే ఆయనకి ముందే తెలుసునని తేలిపోయింది. కాజాలమ్మకి అరికాలిమంట నెత్తికెక్కింది. ఏడాది! ఏడాదిపాటు తాను భయపడాల్సిన విషయానికి భయపడకుండా ఉండిపోయింది! ఆ బాకీ అంతా కలిపి ఆ ఒక్కరోజే భయపడింది.

చివరికి ఒప్పందం కుదిరింది. ఈ ఒక్కసారికి చిన్నది నడుపుతుంది. కాజాలమ్మ గుండె తట్టుకుంటే సరే. తట్టుకోకపోతే తిరిగి రాగానే కారు పక్కింటాయనకి ఇచ్చెయ్యడం, ఇక ఈ జన్మకి ఆ ఊరి మాట ఎత్తకపోవడం. పక్కింటాయన అప్పుడే రెండుసార్లు వచ్చి టైర్లు తన్ని చూసి వెళ్ళాడు.

మొదటిరోజు మైదానంలో దారి సాఫీగా సాగింది. అయినా కాజాలమ్మ వెనకసీటులో కళ్ళు మూసుకుని, ముందుసీటు వీపుని రెండు చేతులతో పట్టుకునే కూర్చుంది.

"అమ్మా, సీటు ఎక్కడికీ పోదు, వదులు" అంది చిన్నది.

"నువ్వు మాట్లాడకు. మాట్లాడితే చూపు తప్పుతుంది."

"మాట్లాడకపోతే నిద్రొస్తుంది."

"అయ్యయ్యో, అయితే మాట్లాడు! ఏదో ఒకటి మాట్లాడు!"

టైలరు పకపకా నవ్వాడు. ఎన్నో ఏళ్ళ తరవాత దారి పక్కన ఏముందో చూసే వీలు దొరికింది ఆయనకి. "ఏమే, ఇక్కడ పొద్దుతిరుగుడు తోట ఉందే! నేనెప్పుడూ చూడలేదు." "మీరు చూసి ఉంటే మనం ఇవాళ ఇలా ఉండేవాళ్ళం కాదు" అని కళ్ళు తెరవకుండానే అంది కాజాలమ్మ.

రెండోరోజు మధ్యాహ్నం కొండ మొదట్లో ఉన్న టీకొట్టు దగ్గర ఆగారు. అక్కడినుంచి పైకి ఫోన్లు పనిచెయ్యవు. మళ్ళీ ఊరు చేరాకే. చిన్నది టైర్లలో గాలి చూస్తోంది. టైలరు బిస్కెట్టు టీలో ముంచి, సగం టీలోనే పోగొట్టుకుని, చెంచాకోసం వెతుకుతున్నాడు. మొహం కడుక్కొస్తానని చెప్పి కాజాలమ్మ కొట్టు వెనక్కి వెళ్ళి లాడ్జి అక్కకి ఫోన్ చేసింది.

లాడ్జి అక్క అంటే ఆ లాడ్జి నడిపే ఆవిడ. కాజాలమ్మ కంటే రెండు మూడేళ్ళు పెద్దది, రెండింతల గొంతు.

"అక్కా, ఈసారి మా చిన్నది నడుపుతోంది."

"ఆహా, రానీ! దుప్పట్లు ఎండలో వేశాను."

"అది కాదక్కా. మేము చీకటి పడేలోగా రాకపోతే ఎవరినైనా పంపించు."

"సరే."

"తాళ్ళూ అవీ ఇచ్చి పంపించు."

"సరేనమ్మా."

కాజాలమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "అయినా చీకటి పడ్డాక లోయలో ఏం కనపడుతుంది? ఎందుకైనా మంచిది, వెలుతురుండగానే పంపించెయ్యి."

"మీరు రాకముందేనా?"

"ముందే అయితే మంచిదే కదా!"

లాడ్జి అక్క చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. "అలాగే" అని పెట్టేసింది. కాజాలమ్మ మనసు కాస్త తేలికపడింది. నిజంగానే మొహం కడుక్కుని వచ్చి కారెక్కింది.

కొండదారి మొదలైంది. చిన్నది మాటలు ఆపేసింది. కాజాలమ్మ ఒక కన్ను తెరిచింది. కూతురి చేతులు స్టీరింగు మీద బిగుసుకోకుండా, మొగుడి చేతుల్లాగే వదులుగా ఉన్నాయి. ప్రతి మలుపుకీ ముందే హారన్ కొడుతోంది. మలుపులో నెమ్మదిస్తోంది. పిల్ల పద్ధతిగానే నడుపుతోంది అనుకోబోయి, దిష్టి తగులుతుందని ఆ ఆలోచనని మధ్యలోనే కత్తిరించేసింది.

మూలరాయికి ఇవతల రోడ్డు కాస్త వెడల్పుగా, రెండు బండ్లు పట్టేటంత ఉంటుంది. చిన్నది అక్కడ కారాపింది. కాజాలమ్మ ఎర్రగుడ్డ తీసుకుని దిగింది. ఏళ్ళనాటి గుడ్డే, అంచు ఆమె మడిచి కుట్టిందే. రంగు వెలిసి ఇటుకపొడిలా అయింది. లోయలోంచి మంచు కొద్దికొద్దిగా పైకి లేస్తోంది.

ఆమె ముందుకి నడిచి రాయి పక్కన నిలబడింది. అక్కడినుంచి ఇటు కారూ కనపడుతుంది, అటు పైకెళ్ళే రోడ్డూ కనపడుతుంది. పైనుంచి ఏ బండీ లేదు. దారి అద్దంలా ఖాళీగా ఉంది. గుడ్డ పైకెత్తింది. ఇక దించడమే.

చెయ్యి దిగలేదు.

మొగుడు నడిపినన్నాళ్ళూ దించిన చెయ్యే. ఇవాళ కారులో స్టీరింగు వెనక చిన్న మొహం ఒకటి తనకేసే చూస్తోంది. గుడ్డ దిగిన క్షణాన ఆ మొహం లోయ అంచుకి జానెడు దూరంలో కదులుతుంది. తాను దించకపోతే కదలదు. ఎంత తేలిక! దించకపోతే చాలు. ఇక్కడినుంచే వెనక్కి తిప్పుకుని ఇంటికెళ్ళిపోవచ్చు. కారు పక్కింటాయన తీసుకుంటాడు. కిటికీ... కిటికీ మాత్రం ఇక ఈ జన్మకి కనపడదు.

చిన్నది హారన్ చిన్నగా కొట్టింది. టైలరు తల బయటపెట్టి, "ఏమే! ఏముందక్కడ?" అని అరిచాడు.

"ఏమీ లేదు!"

"మరి దించవేం?"

"చూస్తున్నానండీ!"

"ఏం చూస్తున్నావు, ఏమీ లేనప్పుడు?"

భుజం లాగడం మొదలైంది. వేళ్ళకి చలి ఎక్కింది. చాలాసేపటికి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఇంజక్షనుకి చెయ్యి చాపినట్టుగా గుడ్డ దించింది.

కారు కదిలి సన్నదారిలోకి వచ్చింది. మెల్లగా, గోడని తడుముకుంటూ వచ్చే పిల్లిలా, కొండని ఆనుకుని వస్తోంది. సగం దారి వచ్చింది. అప్పుడు పైనుంచి ఇంజను శబ్దం వినిపించింది.

కాజాలమ్మ అటు తిరిగి రెండు చేతులూ ఎత్తింది. రొట్టెలబండి! ఒంటికన్ను వ్యాను అది. దానికి ఒక లైటు ఎప్పుడో పోయింది, ఇంతవరకూ రాలేదు. దాని వెనక మెకానిక్కు ట్రాక్టరు, దానికి ట్రాలీ, ట్రాలీ నిండా తాళ్ళూ దుప్పట్లూ ఒక నిచ్చెనా. ఎర్రగుడ్డ చూడగానే రెండూ ఆగిపోయాయి. వ్యాను తలుపు తెరుచుకుని లాడ్జి అక్క దిగింది.

"బతికే ఉన్నారా!" అంది, కొండంతా మారుమోగేలా.

"ఉన్నాం అక్కా! మీరెక్కడికి?"

"మీకోసమేనమ్మా! వెలుతురుండగానే పంపించమన్నావు కదా. పంపడమెందుకు, నేనే వచ్చాను. ఊళ్ళో కదిలే బండ్లు ఈ రెండే. రెండూ తెచ్చాను."

కాజాలమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దారిలో ఎదురుబండి వస్తుందేమోనని పుట్టెడు భయం. ఆ ఎదురుబండిని టీకొట్టు వెనకనుంచి ఫోన్ చేసి మరీ పిలిపించింది తనే! కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. చెయ్యి దించడానికి అంతసేపు తటపటాయించకపోయినా ఈపాటికి కారు సన్నదారి దాటిపోయి ఉండేది.

రొట్టెలతను టోపీ సర్దుకుంటూ, "అమ్మా, పైకెక్కేవాళ్ళకి దారివ్వాలని తమరి రూలే. నేను వెనక్కి పోతాను గానీ నా వెనక ట్రాక్టరుంది" అన్నాడు.

"ట్రాలీతో వెనక్కి నావల్ల కాదు" అని వెనకనుంచి మెకానిక్కు కేకేశాడు. "ట్రాలీ వెనక్కి తోస్తే నేను ఇటంటే అది అటంటుంది. మా ఆవిడలాగ."

"మీ ఆవిడకి చెప్తానుండు!" అంది లాడ్జి అక్క.

వెనక్కి వెళ్ళగలిగేది ఒక్క కారే. ఆ సన్నదారిలో, మంచు లేస్తుంటే, వెనక్కి, వెడల్పు చోటుదాకా. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అది మాట వరస కాదని ఆరోజే తెలిసింది కాజాలమ్మకి.

టైలరు తలుపు తెరవబోయాడు. "నేను దిగి చెప్తాను."

"మీ కన్నుకి అంచు ఎక్కడుందో తెలుస్తుందా? కూర్చోండి కదలకుండా!"

అంత గట్టిగా ఆమె మొగుడిని ఎప్పుడూ అనలేదు. ఆయన తలుపు మూసేసుకున్నాడు. ఆమె కొండకీ కారుకీ మధ్య సందులోంచి, చీర రాతికి గీసుకుంటుంటే, పక్కగా జారుకుంటూ వెళ్ళింది. డ్రైవరు కిటికీ దగ్గర ఆగింది. చిన్నది మొహం తెల్లబడి ఉంది. పైపెదవి మీద చెమట.

"అమ్మా, వెనక అద్దంలో మంచే కనపడుతోంది. దారి కనపడట్లేదు."

"నేను కనపడతానా?"

"ఎర్రగుడ్డ ఉంటే కనపడతావు."

"అయితే దారి చూడకు. నన్నే చూడు."

కాజాలమ్మ కారు వెనక్కి వెళ్ళింది. లోయ అంచు దగ్గర, ఆమె జీవితంలో ఎప్పుడూ నిలబడనంత దగ్గరగా నిలబడింది. చక్రం ఎక్కడ ఉందో కనపడాలంటే అక్కడే నిలబడాలి మరి. గుడ్డ ఎత్తింది.

"రా... రా... కొంచెం కొండవైపు. ఇంకొంచెం. రా తల్లీ, రా... ఆగు!"

కారు ఆగింది. చక్రం పక్కన ఒక రాయి. ఆమె వంగి చూసి, దాన్ని కాలితో లోయలోకి తోసింది. అది పడ్డ చప్పుడు వినపడలేదు. వినపడేదాకా ఆగి వినే తీరిక కూడా లేదు.

"ఆఁ, ఇప్పుడు రా. మెల్లగా. కాజా తీస్తున్నట్టు రా, కత్తిరించినట్టు కాదు. ఆగు! చక్రం తిన్నగా పెట్టు. పెట్టావా? రా."

ఇన్నేళ్ళుగా ఆమె మనసు ఇదే పని చేస్తూ వచ్చింది. ఎక్కడ జారుతుంది, ఎక్కడ తగులుతుంది, ఎక్కడ విరుగుతుంది అని చూడడం. ఇంట్లో అయితే దాన్ని చెవిలో జోరీగ అనేవారు. ఇక్కడ ఆ జోరీగ మాట ప్రకారమే చక్రాలు కదులుతున్నాయి. తాను ఆగమంటే కారు ఆగుతోంది. రమ్మంటే వస్తోంది. ఒక్కసారి కూడా చిన్నది తొందరపడలేదు, ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఆగమన్నచోట అంగుళం ముందుకో వెనక్కో పోలేదు.

వెడల్పు చోటు వచ్చింది. కారు కొండవైపు ఒదిగి నిలబడింది. చిన్నది ఇంజను ఆపి, స్టీరింగు మీద తల ఆనించింది. కాజాలమ్మ గుడ్డతోనే మొహం తుడుచుకుంది. ఇప్పుడు వణుకు మొదలైంది ఆమెకి. అంతవరకూ వణకడానికి తీరిక దొరకలేదు.

రొట్టెలబండి వాళ్ళ పక్కనుంచి మెల్లగా దిగింది. వెనకే ట్రాక్టరు. మెకానిక్కు సలాం కొట్టి, "మంచి చెయ్యి అమ్మాయిది. మా ట్రాలీ నేర్పుతావా?" అన్నాడు. ఆ రెండు బండ్లూ తిరగాలంటే కొండ కిందిదాకా పోవాల్సిందే. రక్షించడానికి వచ్చినవాళ్ళు కిందికి పోతుంటే, రక్షించబడాల్సినవాళ్ళు లాడ్జి అక్కని కారులో ఎక్కించుకుని పైకి వెళ్ళారు. ఈసారి మూలరాయి దగ్గర గుడ్డ ఎత్తిన వెంటనే దిగింది.

ఊరు అలాగే ఉంది. బడి గోడకి కొత్త సున్నం, వాగు మీద కొత్త చెక్కలు, అంతే. మూలగది కిటికీకి అదే పాత కర్టెను, దానికి ఎప్పుడో కాజాలమ్మ వేసిన అతుకు. దుప్పట్లలో ఎండవాసన. కాజాలమ్మ మంచం మీద కూర్చుని చెప్పులు విప్పకుండానే బయటికి చూసింది. టైలరు రొట్టెల కొట్టు అరుగు మీద కూర్చున్నాడు, కొట్టుకి తాళం ఉన్నా సరే. చిన్నది కారు అద్దాలు తుడుస్తోంది. ఇద్దరూ ఉన్నారు. హమ్మయ్య అనుకుంది.

పొద్దు వాలుతుండగా ఆఖరి మలుపులో ఒక లైటు కనిపించింది. రొట్టెలబండి వచ్చింది. దాని వెనక ఏమీ రాలేదు. కాజాలమ్మ మెట్లు దిగి వీధిలోకి పరిగెత్తింది.

"ట్రాక్టరేదీ?"

రొట్టెలతను వెనక్కి తిరిగి చూసి నాలుక కరుచుకున్నాడు. "నా వెనకే ఉన్నాడనుకున్నానే! లైట్లు మినుకుమంటున్నాయని అన్నాడు కింద. ఆరిపోయి ఉంటాయి. చీకటి పడుతోంది, కదలకుండా ఎక్కడో ఆపేసి ఉంటాడు. నేను వెళ్ళి తీసుకొస్తాను."

అతను వ్యానెక్కబోయాడు. కాజాలమ్మ వ్యాను ముందు నిలబడి ఆ ఒంటి లైటుని చూసింది. ఒంటికన్నుతో ఆ మలుపుల్లోకి, అదీ చీకటి పడే వేళ! ఇక ట్రాక్టరు మనిషి చలిలో కూర్చుని ఉన్నాడు, అదీ తన ఫోను పుణ్యమా అని. కీడులన్నీ వరసగా కళ్ళముందు నిలబడ్డాయి. ఒకదాని పక్కన ఒకటి పెట్టి, ఏది చిన్నదో చూసింది. ఎంత వెతికినా అన్నిటికంటే చిన్న కీడు ఒకటే కనపడింది. రెండు లైట్లూ వెలిగే బండి ఊళ్ళో ఒక్కటే ఉంది. దాన్ని నడిపేదీ ఒక్కతే ఉంది.

"నువ్వాగు బాబూ" అంది. "మా అమ్మాయి వెళ్తుంది."

చిన్నది తుడుస్తున్న గుడ్డ వదిలేసి తల్లి మొహంలోకి చూసింది. అరుగుమీద టైలరు లేచి నిలబడ్డాడు.

కాజాలమ్మ ముందు తలుపు తెరిచి డ్రైవరు పక్క సీటులో కూర్చుంది. ముందుసీటులో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. చిన్నది తాళం తిప్పింది. తిప్పుతూ తల్లి చేతికేసి చూసింది, ఎర్రగుడ్డ ఎలా ఉందో, ఎత్తి ఉందో దించి ఉందో అన్నట్టు. ఆ చూపు కాజాలమ్మకి అర్థమైంది. తాను పక్కనుంటే పిల్ల తననే చూస్తుంది. ఇవాళ్టికి మంచులో అది పనికొచ్చింది. ఇప్పుడు మాత్రం దారి చూడాలి.

ఆమె దిగిపోయి, అక్కడికి వచ్చిన లాడ్జి అక్క చేతిలో గుడ్డ పెట్టింది. "అక్కా, నువ్వెక్కు. మూలరాయి దగ్గర నువ్వు దిగు. గుడ్డ బద్ధకంగా ఊపకు, చెయ్యి పూర్తిగా ఎత్తు."

"నాకు నేర్పుతున్నావా!"

"నేనే కదా నేర్పింది!"

లాడ్జి అక్క పెద్దగా నవ్వి కారెక్కింది. కాజాలమ్మ డ్రైవరు కిటికీ దగ్గరికి వంగింది. చెప్పాల్సిన జాగ్రత్తలు నోటినిండా ఉన్నాయి. బ్రేకు, మంచు, లోయ, రాళ్ళు, అన్నీ ఒకేసారి తోసుకొచ్చి తలుపు దగ్గర ఇరుక్కున్నాయి. చివరికి "చలేస్తుందేమో, అద్దం ఎక్కించుకో" అంది.

"ఎక్కిస్తానమ్మా."

కారు వెళ్ళింది. ఆమె మేడెక్కి కిటికీ దగ్గర కూర్చుంది. కారు మూడోవీధి దాటింది. వాగు మీది వంతెన దాటింది. ఆఖరి మలుపులో రెండు లైట్లూ ఒకసారి వెలిగి, కొండ వెనక మాయమయ్యాయి. ఆ కిటికీ చట్రంలోంచి తనవాళ్ళలో ఒకరు బయటికి వెళ్ళడం కాజాలమ్మ ఎప్పుడూ చూడలేదు. అయినా అక్కడే కూర్చుంది, లేవలేదు, కేక వెయ్యలేదు.

చేతులు ఊరుకోలేదు. సంచీలోంచి సూదీదారం తీసింది. అడుగున కొత్త ఎర్రలైనింగు ముక్క ఒకటి ఉంది. ఎందుకైనా మంచిదని ప్రతిసారీ తెచ్చేది. దాని అంచు మడిచి కుట్టడం మొదలుపెట్టింది. ఒక కుట్టు వెయ్యడం, మలుపుకేసి చూడడం. మళ్ళీ ఒక కుట్టు.

టైలరు మెట్లెక్కి వచ్చి పక్కన కూర్చున్నాడు. తన మంచి కన్ను కిటికీవైపు ఉండేలా కుర్చీ జరుపుకున్నాడు.

"అదెవరికే?"

"పాతది నాది. దానికి వేరే ఉండొద్దూ, ప్రతిసారీ నేను కూడా రానుగా" అంది, సూదిమీంచి చూపు తియ్యకుండా.

టైలరు కుట్టు తిన్నగా పడేలా ఆ గుడ్డ రెండో కొస పట్టుకున్నాడు. "మరి పక్కింటాయనకి ఏం చెప్పను?"

"టైర్లు తన్నడానికి ఇంకో బండి చూసుకోమనండి."

ఆయన నవ్వబోయాడు. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది. మలుపు దగ్గర వెలుతురు కదిలింది. రెండు లైట్లు. అవి మలుపు మొదట్లోనే ఆగిపోయాయి. ఏమీ జరగలేదు. లైట్లు ఊరికే ఆగి ఉన్నాయి, వెనకనుంచి వచ్చేవాళ్ళకోసం ఎదురుచూస్తూ. లోయ అవతలనుంచి ట్రాక్టరు చప్పుడు సన్నగా వినిపించి, పెద్దదై, లైట్ల వెనకకి చేరింది. అప్పుడుగానీ లైట్లు కదలలేదు.

"ఆగింది చూశారా" అంది. "ఎవరూ గుడ్డ ఎత్తకుండానే ఆగింది."

కొండమీదనుంచి పొడుగ్గా హారన్ మోగింది. కాజాలమ్మ ఆఖరి కుట్టుకి ముడివేసి, దారం పళ్ళతో కొరికి, దుప్పట్లు సర్దడానికి లేచింది.